ఒకే చొక్కా, పాతికేళ్ళ సర్వీసు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైర్మెంటు తర్వాతి జీవితం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. ఈ అంశం మీద ఇదే వేదిక నుంచి చాలామంది పెద్దలు మాట్లాడారు. ఉదయం నడక, ఉప్పు తగ్గించడం, వీలునామా రాసి పెట్టుకోవడం, కోడళ్ళ విషయంలో జోక్యం చేసుకోకపోవడం - అన్నీ మంచి మాటలే. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. అందుకని ఈ రోజు ఒక్క మనిషి సర్వీసు సంగతి చెబుతాను. ఆయన మన శాఖవాడు కాదు, మన దేశస్థుడూ కాదు. ఇటలీ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు. పేరు ఫ్రాంచెస్కో టోట్టి. ఇటలీ వాళ్ళు నిజానికి "తొత్తి" అనే పలుకుతారు. తెలుగులో దానికి దగ్గరగా మరో మాట ఉంది కనుక, పత్రికల్లో వచ్చినట్టు టోట్టి అనే అంటాను. ఆయన ఎవరికీ తొత్తు కాడని చివరకు మీకే తెలుస్తుంది.

ఫుట్‌బాల్‌తో మనకేం సంబంధం అని వెనక వరసలో ఎవరో అనుకుంటున్నట్టున్నారు. సంబంధం ఉంది. టోట్టి ఆడిన మైదానం రోమ్ నగరంలోని ఒలింపిక్ స్టేడియం. 1960లో మిల్ఖా సింగ్ 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచి, పతకం తృటిలో పోగొట్టుకున్నది అక్కడే. ఆ ఒలింపిక్స్‌కే మన హైదరాబాదు రహీం సాహెబ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు కూడా ఇటలీ వెళ్ళింది. ఫ్రాన్సుతో 1-1 డ్రా చేసుకుంది. హంగరీ వంటి జట్టు మీద ఓడింది ఒక్క గోలు తేడాతోనే. ఆ గోలు కొట్టిన బలరాం మన సికింద్రాబాదు కుర్రాడు. ఇక 1990 ప్రపంచ కప్పు ఫైనలు, జర్మనీకీ మారడోనా జట్టుకీ మధ్య జరిగినది, మనలో చాలామంది దూరదర్శన్‌లో నిద్ర మానుకుని చూశాం గదా. అదీ ఆ స్టేడియంలోనే. అప్పటికి మన కథానాయకుడికి పదమూడేళ్ళు.

టోట్టి 1976 సెప్టెంబరు 27న రోమ్‌లో పుట్టాడు. వయా వెతులోనియా అనే వీధిలో, మధ్యతరగతి అపార్ట్‌మెంట్లో పెరిగాడు. తండ్రి ఎంజో బ్యాంకు ఉద్యోగి. తల్లి ఫియొరెల్లా. ఇల్లంతా రోమా క్లబ్బు అభిమానులే. పిల్లవాడు వీధి జట్ల నుంచి లొదిజానీ అనే చిన్న క్లబ్బుకు చేరాడు. అక్కడ అతని ఆట చూసి మిలాన్ క్లబ్బు వాళ్ళు కబురు పెట్టారు. మిలాన్ అంటే అప్పట్లో ఐరోపా ఖండంలోనే అగ్రశ్రేణి క్లబ్బు, డబ్బున్న క్లబ్బు. తల్లి ఒప్పుకోలేదు. పన్నెండేళ్ళ బిడ్డను ఊరు దాటించి పంపను అన్నది. 1989లో రోమా క్లబ్బు పిల్లల జట్టులో చేరాడు. కొడుకు అమెరికా వెళతానంటే ఏ తల్లి అడ్డుపడిందో, ఏ తల్లి సూట్‌కేసు సర్దిందో మన ఇళ్ళల్లో మనకు తెలుసు. రెండూ ప్రేమే. ఇక్కడ మాత్రం ఆ తల్లి "వద్దు" అన్న ఒక్క మాట వల్ల ఒక నగరానికి కెప్టెన్ దొరికాడు.

1993 మార్చి 28న బ్రెషియా జట్టుతో ఆట. రోమా 2-0తో గెలుస్తున్నది. శిక్షకుడు బొష్కోవ్ చివరి నిమిషాల్లో బెంచి వైపు తిరిగి కుర్రవాణ్ణి దిగమన్నాడు. వయసు పదహారున్నర. సర్వీసు రిజిస్టరులో మొదటి ఎంట్రీ అదే. తర్వాత వచ్చిన మాజ్జోనే అనే రోమ్ పెద్దాయన అతన్ని కన్నకొడుకులా చూసుకున్నాడు. ఒకేసారి అందలం ఎక్కించకుండా నెమ్మదిగా ఆడించాడు. మొదటి లీగు గోలు 1994 సెప్టెంబరులో ఫొజ్జా జట్టు మీద.

అన్ని సర్వీసుల్లోనూ ఉన్నట్టే ఇతని సర్వీసులోనూ ఒక బదిలీ గండం వచ్చింది. 1996లో అర్జెంటీనా నుంచి కార్లోస్ బియాంచీ అనే శిక్షకుడు వచ్చాడు. ఆయనకు టోట్టి ఆట నచ్చలేదు. సాంప్‌డోరియా క్లబ్బుకు డెప్యుటేషన్ మీద పంపడానికి మాటలు దాదాపు పూర్తయ్యాయి. 1997 ఫిబ్రవరిలో రోమ్‌లోనే రెండు విదేశీ జట్లతో చిన్న పోటీ పెట్టారు. అందులో ఒకటి హాలెండుకు చెందిన ఆయాక్స్. ఆ రాత్రి టోట్టి ఆడిన ఆట చూసి క్లబ్బు అధ్యక్షుడు ఫ్రాంకో సెన్సి బదిలీ రద్దు చేశాడు. రెండు నెలలు తిరగకుండా బియాంచీకే ఉద్వాసన అయింది. పై అధికారికి నచ్చకపోయినా పనిని చూసే పెద్ద ఒకడుంటే మనిషి నిలబడతాడు. అలాంటి పెద్ద దొరకని వాళ్ళ కథలు పుస్తకాల్లోకి ఎక్కవు.

1998లో, ఇరవై రెండేళ్ళ వయసులో, కెప్టెన్ అయ్యాడు. అప్పటిదాకా కెప్టెన్‌గా ఉన్న బ్రెజిల్ ఆటగాడు ఆల్దాయిర్ తానే పట్టీ విప్పి ఇతనికి అప్పగించాడు. సీనియారిటీ లిస్టు చూసుకునే మనబోటి వాళ్ళకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

2001 జూన్ 17. లీగు ఆఖరి ఆట, పార్మాతో. గెలిస్తే చాంపియన్లు. ఇటలీలో ఆ బిరుదును "స్కుదెత్తో" అంటారు. చిన్న డాలు అని అర్థం. గెలిచిన జట్టు మరుసటి ఏడాది చొక్కా మీద ఆ డాలు గుర్తు కుట్టించుకుంటుంది. రోమాకు అంతకు ముందు 1942లో ఒకసారి, 1983లో ఒకసారి, అంతే. శిక్షకుడు ఫాబియో కపెల్లో. మొదటి గోలు టోట్టి కొట్టాడు, తర్వాత మోంటెల్లా, బాటిస్టూటా. 3-1తో గెలిచారు. ఆట ముగియకముందే జనం మైదానంలోకి దూసుకొచ్చారు. మిగిలిన నిమిషాలు ఆడనివ్వండని కపెల్లో వాళ్ళ మీద అరవవలసి వచ్చింది. వారం తర్వాత పురాతన రథాల పందెపు మైదానం సర్కస్ మాక్సిమస్‌లో లక్షలమంది చేరి పండుగ చేసుకున్నారు. జూన్ 17 అన్న తేదీ గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

ఆ ఒక్కసారే. పాతికేళ్ళలో లీగు బిరుదు ఒక్కటే. ఇటలీ కప్పు రెండుసార్లు, సూపర్ కప్పు రెండుసార్లు. మొత్తం అయిదు. రెండో స్థానం మాత్రం లెక్క పెట్టుకోవడం మానేసేటన్ని సార్లు. స్పెయిన్ నుంచి రియల్ మాడ్రిడ్ క్లబ్బు పిలిచింది. వెళ్ళి ఉంటే కప్పుల అలమారా నిండేది. వెళ్ళలేదు. ఇది త్యాగమా? నేనంతగా పొగడను. సొంత ఊరు, అమ్మ వంట, వీధిలో నడిస్తే రాజు వచ్చినట్టు జనం, జీతం కూడా భారీగానే. మనం ముప్పై ఏళ్ళు ఒకే సంస్థలో చేశామంటే అదంతా నిష్ఠే అని వీడ్కోలు సభల్లో చెబుతారు. పిల్లల చదువు, సొంత ఇల్లు, అత్తగారి ఊరు దగ్గర కావడం - ఇవేవీ సన్మానపత్రంలో రాయరు. అయినా ఉండిపోవడం ఉండిపోవడమే. కప్పు రాని ఏడాది కూడా సోమవారం పొద్దున అదే గేటు లోంచి పనికి వెళ్ళాడు గదా.

తప్పులు చేయలేదా అంటే చేశాడు. 2004 యూరో కప్పులో డెన్మార్కు ఆటగాడి మొహాన ఉమ్మి వేశాడు. మూడు ఆటల నిషేధం పడింది. అది సిగ్గుచేటు పనే. కోపిష్టి మనిషి, ఎర్ర కార్డులు చాలానే చూశాడు. అదే మనిషిలో ఇంకో కోణం వినండి. ఇటలీలో చాలాకాలం టోట్టి మీద జోకులు నడిచాయి. మన దగ్గర కొందరి మీద జోకులు కట్టినట్టే, మందబుద్ధి అనీ, చదువు రాదనీ, రోమ్ యాస తప్ప మాట రాదనీ. పరువు నష్టం దావా వేయవచ్చు. ఇతనేం చేశాడంటే, 2003లో ఆ జోకులన్నీ తానే పోగు చేసి, తన పేరుతో పుస్తకం వేయించాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. వచ్చిన డబ్బు యునిసెఫ్‌కూ, రోమ్ నగరంలోని వృద్ధుల సహాయానికీ ఇచ్చాడు. మన సంఘ సభ్యులు కనీసం ఈ ఒక్క కారణానికైనా ఆయన మీద సద్భావం పెట్టుకోవాలి.

ధైర్యం సంగతి. 2000 యూరో కప్పు సెమీఫైనల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో హాలెండుతో. పెనాల్టీల దాకా వచ్చింది. చుట్టూ కిక్కిరిసిన హాలెండు జనం. ఇతను తన వాళ్ళతో రోమ్ యాసలో, ఇప్పుడు వాడికి చెంచా వేస్తాను చూడండి అన్నాడు. చెంచా అంటే, గోల్‌కీపరు ఏదో పక్కకు దూకుతాడు గదా, బలంగా కొట్టకుండా చెంచాతో పులుసు ఎత్తినట్టు బంతిని నెమ్మదిగా మధ్యలోంచి లేపడం. కీపరు దూకకుండా నిలబడితే నగుబాటే. తోటి ఆటగాళ్ళు వద్దురా బాబూ అన్నారట. కీపరు వాన్ డెర్ సార్ దూకాడు. బంతి తీరిగ్గా వెళ్ళి వలలో పడింది. ఇటలీ ఫైనలు చేరింది. అక్కడ ఫ్రాన్సు చేతిలో ఓడింది.

2006 ఫిబ్రవరి 19న ఎంపొలి జట్టుతో ఆడుతుంటే వెనక నుంచి తగిలి ఎడమ కాలి ఎముక విరిగింది. లోహపు పలక, మరలు వేసి బిగించారు. ప్రపంచ కప్పుకు నాలుగు నెలల లోపు వ్యవధి. జాతీయ జట్టు శిక్షకుడు లిప్పీ ఆసుపత్రికి వచ్చి, నీ స్థానం ఉంచుతాను, నువ్వు లే అన్నాడు. లేచాడు. జర్మనీ వెళ్ళాడు, కాలిలో ఆ ఇనుముతోనే. జూన్ 26న ఆస్ట్రేలియాతో ఆట. ఇటలీ పదిమందితో ఆడుతోంది. 95వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది. ఈసారి చెంచా లేదు. బలంగా పై మూలకు కొట్టాడు. 1-0. జూలై 9న బెర్లిన్‌లో ఇటలీ ప్రపంచ కప్పు ఎత్తింది. మరుసటి ఏడాది జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. మొత్తం 58 ఆటలు, 9 గోళ్ళు.

క్లబ్బులో మాత్రం అతని మంచి రోజులు ముప్పై దగ్గర పడ్డాకే వచ్చాయి. స్పల్లెత్తి అనే శిక్షకుడు ఒక కొత్త ఏర్పాటు చేశాడు. ముందు నిలబడవలసిన ఫార్వర్డు వెనక్కి దిగి వస్తాడు. అతన్ని కాపలా కాసేవాడికి వెంట రావాలో, అక్కడే ఉండాలో తెలియదు. వస్తే వెనక ఖాళీ, రాకపోతే ఇతనికి స్వేచ్ఛ. ఈ పద్ధతిలో 2006-07లో లీగులో 26 గోళ్ళు కొట్టి, ఐరోపా మొత్తానికి అత్యధిక గోళ్ళ బంగారు బూటు అందుకున్నాడు. ఈ స్పల్లెత్తి పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మనిషి ముప్పై తొమ్మిదిలో పడ్డాడు. క్లబ్బు అప్పటికి అమెరికా యజమానుల చేతుల్లో ఉంది. 2016 జనవరిలో అదే స్పల్లెత్తి మళ్ళీ శిక్షకుడిగా వచ్చాడు. టోట్టిని బెంచి మీద కూర్చోబెట్టాడు. ఫిబ్రవరిలో టోట్టి టెలివిజన్‌కు ఇంటర్వ్యూ ఇచ్చి, నాకు ఇంకాస్త గౌరవం దక్కాలి అన్నాడు. మర్నాడు శిక్షణ కేంద్రం నుంచి ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. ఆ సాయంత్రం పలెర్మోతో ఆట. కెప్టెన్ ప్రేక్షకుల్లో కూర్చుని చూశాడు. స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆటగాళ్ళకు కాదు, ప్రేక్షకుల్లో కూర్చున్నవాడికి.

స్పల్లెత్తిది తప్పని నేను అనను. జట్టు ఒక్కడి కోసం నడవదు, మోకాళ్ళకు వయసు వస్తుంది. కానీ, తన పద్ధతికి పేరు తెచ్చిపెట్టిన మనిషితో పదేళ్ళ తర్వాత ఎలా మాట్లాడాలన్నది వేరే ప్రశ్న. నియమం సరైనదే అయినా చెప్పే తీరు ఒకటుంటుంది. మనలో ఉత్తర్వు అందుకున్నవాళ్ళూ ఉన్నారు, ఉత్తర్వు మీద సంతకం పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఏప్రిల్ 20న టొరీనోతో ఆట. రోమా 1-2తో వెనకబడి ఉంది. 86వ నిమిషంలో టోట్టిని దింపారు. అర నిమిషం కాకుండా గోలు. మూడు నిమిషాల తర్వాత పెనాల్టీ, ఇంకో గోలు. 3-2. ప్రేక్షకుల్లో ఏడుస్తున్న మగవాళ్ళను టెలివిజన్ చూపించింది. దాంతో ఒక ఏడాది ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు డైరెక్టరుగా క్లబ్బులోనే ఉండేట్టు ఒప్పందం.

2017 మే 28. చివరి ఆట, జెనోవాతో. 54వ నిమిషంలో దిగాడు. రోమా 3-2తో గెలిచింది. మొత్తం లెక్క: రోమా తరఫున 786 ఆటలు, 307 గోళ్ళు. అందులో ఇటలీ లీగులో 619 ఆటలు, 250 గోళ్ళు. లీగు చరిత్రలో అతని పైన ఉన్నది సిల్వియో పియోలా ఒక్కడే, 274. మొదటి ఆట నుంచి చివరి ఆటకు సరిగ్గా 24 సంవత్సరాల 2 నెలలు. మన అకౌంట్స్ విభాగం మిత్రులు కావాలంటే సరిచూసుకోవచ్చు.

ఆట అయ్యాక భార్యాపిల్లలతో మైదానం చుట్టూ నడిచాడు. తర్వాత మైకు ముందు నిలబడి కాగితం తీసి చదివాడు. వీడ్కోలు సభల్లో మనమంతా ఏం మాట్లాడతాం? సంస్థకు రుణపడి ఉన్నాను, పొరపాట్లుంటే మన్నించండి, ఇక మనవలతో కాలక్షేపం చేస్తాను - ఇదే గదా. ఇతను భయంగా ఉంది అని చెప్పాడు. నలభై ఏళ్ళు దాటిన మగవాడు, ప్రపంచ కప్పు ఎత్తినవాడు, అరవై వేలమంది ముందు. ఇది పెనాల్టీ కొట్టేముందు కలిగే భయం లాంటిది కాదన్నాడు. అప్పుడు గోలు వల కన్నాల్లోంచి అవతల ఏముందో కనిపించేదట, ఇప్పుడు ఏమీ కనిపించడం లేదట. చిన్నప్పుడు మంచి కల కంటుంటే అమ్మ బడికి లేపితే, మళ్ళీ కళ్ళు మూసుకుని ఆ కల అందుకోవాలని చూస్తాం, అందదు, అలా ఉందన్నాడు. ఈ పాడు కాలం అని తిట్టుకున్నాడు కూడా. 2001 జూన్ 17న మనమంతా త్వరగా గడవమని వేడుకున్నది ఈ కాలాన్నే గదా అన్నాడు. చొక్కాను ఆఖరిసారి మడత పెడుతున్నాను గానీ చాలు అనడానికి నేను సిద్ధంగా లేను అన్నాడు.

కెప్టెన్ పట్టీని పిల్లల జట్టులోని ఒక చిన్న కుర్రాడి చేతికి కట్టాడు. ఒక బంతి మీద "నువ్వు లేని లోటు తెలుస్తుంది" అనే అర్థం వచ్చే మాట రాసి అభిమానుల గ్యాలరీలోకి తన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే సన్మానసభ అవుతుంది. కాని తర్వాత రెండేళ్ళు జరిగింది కూడా చెప్పాలి. డైరెక్టరు అనే హోదా ఇచ్చారు. కుర్చీ ఉంది, కోటు ఉంది, పని లేదు. ఆటగాళ్ళను కొనేటప్పుడు అడగరు, శిక్షకుణ్ణి పెట్టేటప్పుడు అడగరు. జనం ఆగ్రహించినప్పుడు మాత్రం నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు అని పిలిచేవారని తర్వాత అతనే చెప్పాడు. సలహాదారు హోదాలో పాత ఆఫీసుకు వెళ్ళి, టీ తాగి, పేపరు చదివి తిరిగొచ్చిన మిత్రులు ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళకు నేను వివరించనక్కర్లేదు.

2019 జూన్ 17న - అదే తేదీ, పద్ధెనిమిదేళ్ళ తర్వాత - క్లబ్బు ఆవరణలో కాకుండా ఇటలీ ఒలింపిక్ సంఘం వారి హాల్లో పత్రికల వాళ్ళను పిలిచి రాజీనామా ప్రకటించాడు. ఈ రోజు చూడడం కంటే చచ్చిపోవడం మేలనిపిస్తోంది అన్నాడు. క్లబ్బు వాళ్ళు ఒప్పుకోలేదు. మేం టెక్నికల్ డైరెక్టరు పదవి ఇస్తామన్నాం, ఆయనే జవాబు ఇవ్వలేదు అని ప్రకటన విడుదల చేశారు. అధికారం ఎంతో తేల్చని పదవి నాకెందుకన్నది ఇతని వాదన. ఎవరిది ఎంత న్యాయమో ఇక్కడ కూర్చుని తేల్చలేం. నా మటుకు నాకు ఒక్కటి అనిపిస్తుంది. అరవై వేలమంది ముందు భయంగా ఉందని చెప్పిన మనిషిని, ఆ మర్నాటి నుంచి నీ పని ఇదీ అని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది. రెండేళ్ళలో ఆ పని ఎవరూ చేసినట్టు లేదు. ఆ అమెరికా యజమాని కూడా 2020లో క్లబ్బు అమ్మేసి వెళ్ళిపోయాడు.

అదే 2020 అక్టోబరులో తండ్రి ఎంజో కరోనాతో పోయాడు. కొద్ది రోజులకే టోట్టి జీవితం మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రం విడుదలైంది. వీడ్కోలు ముందు రాత్రి, ఖాళీ స్టేడియంలో అతను ఒంటరిగా ఉండడం దగ్గర నుంచి ఆ చిత్రం మొదలవుతుంది.

ఇంటికి వెళ్ళాక మీ మనవణ్ణి అడిగితే 2017 నాటి వీడ్కోలు వీడియో సెల్‌ఫోన్‌లో చూపిస్తాడు. ఇటలీ భాష అర్థం కానక్కర్లేదు. అతను చదువుతున్నప్పుడు కెమెరా జనం వైపు తిరుగుతుంది. అక్కడ మన వయసు వాళ్ళు చాలామంది కనిపిస్తారు. వాళ్ళ మొహాలు చూడండి.